ప్రెస్ కాదన్నాను, అంతే

మార్చి 3, సోమవారం

రెండో బ్యాచ్ కూడా చచ్చింది.

చక్రాల కుర్చీలకు మోటార్లు చేసే కంపెనీకి పంపాల్సిన బిళ్లలివి. కోయడం, నూరడం, పూత పూయడం అన్నీ అయిపోయి అద్దాల్లా మెరుస్తూ ఆఖరి గదికి వెళ్లాయి. అక్కడ కరెంటు దెబ్బ కొట్టేదాకా మా బిళ్లలు ఉత్త రాళ్లే, అయస్కాంతాలు కావు. కొట్టారు. కొన్ని బిళ్లలు బల్ల మీదున్న గుండుసూదుల డబ్బాను మూతతో సహా లాక్కున్నాయి. మిగతావి, అంటే సగానికి పైగా, రెండు సూదుల్ని మోయడానికే ఆపసోపాలు పడ్డాయి. మొదటి బ్యాచ్‌లోనూ ఇదే తంతు, కాకపోతే అది పంపేశాక తెలిసింది.

నా ప్రెస్‌లో ఏ లోపమూ లేదు. పొడిని అచ్చులో పోసి దిమ్మగా నొక్కడం నా పని. పొద్దున్నే మళ్లీ అంతా చూసుకున్నాను. పొడి బాగుంది, పెట్టెలోకి గాలి చొరబడలేదు, అచ్చు కొత్తది. నేను గీసి, నేను దగ్గరుండి చేయించిన అచ్చు. ఇక మిగిలింది ఆ దిమ్మల్ని కాల్చే ఫర్నెస్. అది ఎవరి చేతిలో ఉందో వేరే చెప్పాలా? మా ఆయన చేతిలో.

ఇంటికి వస్తూ స్కూటర్ మీద వెనక కూర్చుని అడిగాను, "వేడి సరిగ్గా పట్టిందా?" అని. "పట్టింది" అన్నాడు. "పై తట్టకీ కింది తట్టకీ ఒకేలా పట్టిందా?" "పట్టింది." "మరి లోపల గాలి పూర్తిగా లాగేసిందా?" బండి పక్కకు ఆపాడు. హెల్మెట్ తీశాడు. "నువ్వు దిగి నడిచొస్తావా?" అన్నాడు.

దిగి నడిచొచ్చాను. నాకేం భయమా? సగం దారిలో చెప్పు తెగింది.

మార్చి 4, మంగళవారం

ఇంట్లో మాటల్లేవు. ఉప్పు కావాలన్నా ఆయన వాళ్లమ్మనే అడుగుతున్నాడు. ఉప్పు డబ్బా నా మోచేతి దగ్గరే ఉంది.

అత్తయ్య మా ఇద్దరినీ చూసి చూసి, పేపర్ మడిచి పక్కన పెట్టింది. "ఇంతకీ మీరిద్దరూ అక్కడ ఏం చేసి తగలేస్తున్నారే?" అంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని ప్రశ్న. కోపంలో ఉన్నానేమో, మొత్తం చెప్పుకొచ్చాను. లోహాన్ని పిండికన్నా సన్నగా పొడి చేస్తారు. గాలి తగిలితే భగ్గుమంటుంది కాబట్టి మూసిన పెట్టెలోకి రబ్బరు తొడుగుల్లోంచి చేతులు పెట్టి పని చేయాలి. ఆ పొడిని నా అచ్చులో పోసి అయస్కాంత బలం పెడితే ప్రతి రేణువూ ఒకే దిక్కుకు తిరుగుతుంది, ప్రార్థనకు నిలబెట్టిన స్కూలు పిల్లల్లా. అలా తిరిగి ఉండగానే గట్టిగా నొక్కేస్తాను. అది పచ్చి దిమ్మ. దాన్ని మీ అబ్బాయి ఫర్నెస్‌లో కాలుస్తాడు. తర్వాత దిమ్మను రేణువుల దిక్కుకు అడ్డంగా పలచని బిళ్లలుగా కోస్తారు. రేణువులు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో ఆ దిక్కు వెంట కరెంటు దెబ్బ కొడితేనే అయస్కాంతం. మీ చెవి మిషన్‌లోనూ ఉంటుంది అత్తయ్యా, గింజంత. ఫోన్లో, లిఫ్టులో, గాలిమరలో, ఎక్కడ చూసినా మా బిళ్లే.

అత్తయ్య చెవి మిషన్ తీసి చూసుకుంది. "అందుకేనా, ఇది పెట్టుకుంటే మీ గొడవంతా నా చెవిలోకే వస్తోంది" అని మళ్లీ పెట్టుకుంది. "మరి తప్పెక్కడ జరిగిందంటావ్?"

"నా చేతిలో ఉన్నంతసేపూ బాగానే ఉంది అత్తయ్యా."

పక్క గదిలో మంచం కిర్రుమంది.

"వాడు విన్నాడు" అంది అత్తయ్య, పేపర్ విప్పుకుంటూ.

మార్చి 6, గురువారం

మా యజమానిని అందరూ తొందర సారు అంటారు. టీ కూడా నడుస్తూ తాగుతాడు మనిషి. ఇవాళ మా అందరినీ తూకాల గదిలోకి పిలిచాడు. అక్కడ కుర్చీలుండవు కాబట్టి మీటింగ్ త్వరగా అవుతుందని ఆయన నమ్మకం.

"మోటార్ల కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఒక చక్రం లాగుతోందట, ఒకటి లాగట్లేదట. కుర్చీలో కూర్చున్న మనిషి వెళ్లి గోడకు గుద్దుకున్నాడట. మూడో బ్యాచ్ కూడా ఇలాగే వస్తే మనకు దండం పెడతామన్నారు. కాబట్టి ఎవరో ఒకరు మారాలి. సూటిగా చెప్పండి, ప్రెస్సా? ఫర్నెసా?"

అని నన్ను చూశాడు. మా ఆయన్ను చూడొచ్చుగా? తలుపు దగ్గరే ఉన్నాడు, చేతి తొడుగులు చంకలో పెట్టుకుని. నన్నే చూశాడు.

"ప్రెస్ మాత్రం కాదు సార్" అన్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఫర్నెస్‌లో తేడా వస్తే లోడు మొత్తం ఒకేలా చెడుతుంది సార్. ఇక్కడ బాగున్నవి నిక్షేపంలా ఉన్నాయి, చెడ్డవి పూర్తిగా చచ్చాయి. మధ్యరకం ఒక్కటీ లేదు. కాల్చడంలో తప్పయితే అలా రాదు."

"మీ ఆవిడ చెబుతోంది కదండీ" అన్నాడు తొందర సారు.

ఆయన నన్ను చూశాడు. నేను తూకం మిషన్‌ను చూశాను. ఏమీ పెట్టకపోయినా అది కొంచెం బరువు చూపిస్తోంది. ఎవరూ సరిచేయరు. ఈ కంపెనీలో ఏదీ ఎవరూ సరిచేయరు.

తేల్చిందేమిటంటే, గాజు ఫ్యాక్టరీలో పనిచేసిన ఒకాయన ఫర్నెస్‌కు వస్తాడు. మా ఆయన ఇంట్లో ఉండాలి. కొత్తాయన చేతిలో బ్యాచ్ బాగా వస్తే మా ఆయన ఇక రానక్కర్లేదు. రాకపోతే మళ్లీ ఆయన్నే పిలుస్తారు. ఇదంతా టీ చల్లారేలోపే అయిపోయింది.

మార్చి 7, శుక్రవారం

నేను ఫర్నెస్ అనలేదు. ప్రెస్ కాదన్నాను, అంతే. రెండూ ఒకటి కాదు.

మార్చి 9, ఆదివారం

నా అచ్చు సంగతి ఒకసారి స్థిమితంగా రాసుకోవాలి, లేకపోతే నాకే పిచ్చెక్కేలా ఉంది.

ఫర్నెస్‌లో దిమ్మ కుంచించుకుపోతుంది. అన్నివైపులా ఒకేలా కాదు, దిక్కు వెంట మరికాస్త ఎక్కువ. అందుకే పాత అచ్చులో అన్నివైపులా సమానంగా నొక్కినా, కాలి బయటికి వచ్చేసరికి నెత్తిన ఎవరో కూర్చున్నట్టు పొట్టిగా అయ్యేది. దాన్ని సరిచేయడానికి నూరి నూరి ఎంత సరుకు పారబోసేవాళ్లమో! ఆ కుంచింపును నేను ముందే లెక్కగట్టి, అచ్చును ఆ వైపు పొడుగు చేయించాను. ఇప్పుడు పచ్చిగా ఉన్నప్పుడు పొడుగ్గా ఉంటుంది, కాలాక పాచికలా ఆరు వైపులా సమానం. తొందర సారు నడక ఆపి మరీ చప్పట్లు కొట్టాడు. ఆ సారు నడక ఆపడం అదే మొదటిసారి.

అంత చక్కటి దిమ్మల్ని చేతికిస్తే, వాటిని కాల్చి పాడు చేసింది ఎవరు? నేనా?

మార్చి 11, మంగళవారం

మనిషి ఇంట్లో ఉంటే ఇంత చిరాకా! బీరువా తలుపుకు నూనె పెట్టాడు. కిటికీ గొళ్లేలు సరిచేశాడు. గ్యాస్ పొయ్యి విప్పి ఒక్కొక్క భాగం పాత పేపర్ మీద వరసగా పరిచాడు, సాయంత్రం నేనొచ్చేసరికి ఇంట్లో పొయ్యి లేదు. బిగించాడు, ముందుకన్నా బాగా మండుతోంది. అదే నా కడుపు మంట. పగలగొట్టి ఉంటే తిట్టేదాన్ని కదా.

నాతో ఇప్పటికి రెండే మాటలన్నాడు. "కాలు జరుపు."

మార్చి 13, గురువారం

ఆయన బేకరీలో పనికి చేరాడు. మా వీధి చివర బేకరీ. ఓవెన్ దగ్గర నిలబడతాడట. నాతో చెప్పలేదు, అత్తయ్యతో చెబితే అత్తయ్య నాతో చెప్పింది.

"అక్కడ తలుపుకి అద్దం ఉందటే, లోపల రొట్టె పొంగడం కనిపిస్తుందట. మీ దగ్గర ఇనప పీపాలో ఏమవుతోందో మర్నాటిదాకా తెలియదటగా?"

నిజమే. మా ఫర్నెస్‌ను మధ్యలో తెరవడానికి వీల్లేదు. వేడెక్కి, కాలి, నెమ్మదిగా చల్లారేదాకా బయట కూర్చుని నమ్మాల్సిందే. ఇన్నేళ్లూ ఆయన కుర్చీ వేసుకుని అలా నమ్ముతూనే కూర్చున్నాడు.

బేకరీలో సంతోషంగా ఉన్నట్టున్నాడు. మంచిదే. చాలా మంచిదే.

మార్చి 17, సోమవారం

కొత్తాయన ఫర్నెస్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. ప్రతిదానికీ "మా గాజులో అయితే" అంటాడు. మా గాజులో అయితే ఇలా, మా గాజులో అయితే అలా. ఆ గాజులోనే ఉండొచ్చుగా! నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఇంతకుముందు చేసినాయన ఇంత శుభ్రంగా ఎలా ఉంచాడు దీన్ని? లోపల ఒక్క మరక లేదు" అన్నాడు.

ఏమో, నన్నడిగితే? నేను ప్రెస్ మనిషిని.

మార్చి 20, గురువారం

కొత్తాయన మొదటి లోడు నుంచి కొన్ని బిళ్లలు ముందుగా కోయించి పరీక్ష చేశారు. మళ్లీ అంతే. ఒక వంతు బలంగా ఉన్నాయి, రెండు వంతులు చచ్చాయి.

కొత్తాయనకింకా చెయ్యి తిరగలేదు. అంతే అయ్యుంటుంది. తొందర సారు కూడా అదే అన్నాడు, మొదటి లోడు లెక్కలోకి రాదని. ఫర్నెస్ అన్నాక అలవాటు కావాలి కదా. మనిషి మారినా తీరు మారలేదేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నాకు వేరే పనులున్నాయి.

మార్చి 21, శుక్రవారం

ఖాళీ తట్టలు తిరిగి రావడం లేదని దెబ్బలాడటానికి కోత గదికి వెళ్లాను. కోత మిషన్ నడిపే ఆవిడను ఊరంతా వదిన అనే పిలుస్తుంది, తొందర సారుతో సహా. కాలిన దిమ్మలను తట్టలోంచి తొట్టెలోకి గుమ్మరించుకుని, ఒక్కొక్కటే తీసి, జిగురు రాసి, పలక మీద వరసగా అంటిస్తోంది. అంటించాక తీగల కిందికి తోస్తే బిళ్లలుగా తెగుతాయి.

తిట్టడానికి నోరు తెరిచి, ఊరికే, ఎందుకడిగానో తెలియదు, అడిగాను. "వదినా, ఏ వైపు పైకి పెట్టాలో ఎలా చూస్తావు?"

"చూసేదేముంది?" అంది చెయ్యి ఆపకుండా. "అన్నివైపులా ఒకేలా ఉన్నాయిగా."

"మరి ఇదివరకు?"

"ఇదివరకు పొట్టిగా ఉండేవి కదా. నిలబెడితే పడిపోయేవి, అందుకని ఒక్కొక్కటీ వంగి చూసి పడుకోబెట్టేదాన్ని. ఇప్పుడు ఎలా పెట్టినా కూర్చుంటున్నాయి. నీ కొత్త అచ్చు పుణ్యమా అని నా నడుం నొప్పి తగ్గిందమ్మాయ్!"

తట్టల సంగతి అడగడం మర్చిపోయి వచ్చేశాను.

మార్చి 22, శనివారం

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 23, ఆదివారం

వదిన ఇదివరకు దిమ్మల్ని పడుకోబెట్టింది అవి పడిపోకుండా, దిక్కు కోసం కాదు. ఆ దిక్కు ఉందన్న సంగతే ఆవిడకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. దిమ్మ దానంతటదే సరిగ్గా పడుకునేది. పొట్టిగా రావడం లోపమనుకుని నేను దాన్ని సరిచేశాను.

నా దగ్గర పచ్చి దిమ్మ పొడుగ్గా ఉంటుంది. పొడుగు వైపే దిక్కని పసిపిల్లకైనా తెలుస్తుందనుకున్నాను. నేను వాటిని పచ్చిగానే చూస్తాను కదా. కాలాక అవి ఎలా ఉంటాయో ఫొటోలో చూసి మురిసిపోయాను, అంతే.

మూడు విధాలుగా పెట్టొచ్చు. ఒక విధం సరైనది, రెండు కావు. ఒక వంతు బాగుండి రెండు వంతులు చచ్చాయి.

ఆయన తూకాల గదిలోనే చెప్పాడు, మధ్యరకం ఒక్కటీ లేదని. అబ్బ, నా తల!

మార్చి 24, సోమవారం

చచ్చిన బిళ్లలు కొన్ని తీసుకుని ఆఖరి గదిలో అంచువైపుకు తిప్పి దెబ్బ కొట్టించాను. కొట్టే అతను "ఇలా ఎవరైనా కొడతారా మేడమ్?" అన్నాడు. "నువ్వు కొట్టు" అన్నాను. మొదటిదే అంచుతో గుండుసూదుల డబ్బాను లాక్కుంది. మూత ఎగిరిపోయింది. అవి చావలేదు. ఎటు చూస్తున్నాయో ఎవరూ అడగలేదు, అంతే.

ఆ సాయంత్రమే అచ్చు పైమూతలో చిన్న గట్టు పెట్టించాను. ఇకనుంచి ప్రతి దిమ్మ నెత్తినా ఒక గాడి ఉంటుంది. ఎంత కాల్చినా పోదు. "వదినా, ఈ గాడి ఎప్పుడూ పైకే ఉండాలి" అన్నాను. "ఎందుకు?" అంది. "పైవాళ్లు చెప్పారు" అన్నాను.

పైవాళ్లు! నా మొహం.

ఎవరికీ చెప్పలేదు. ముందు బ్యాచ్ బాగా రానీ, అప్పుడు చెబుతాను. రుజువు ఉండాలి కదా.

మార్చి 27, గురువారం

రుజువు ఉండాలి కదా.

ఏప్రిల్ 1, మంగళవారం

బ్యాచ్ మొత్తం బాగా వచ్చింది. ఒక్కటీ పోలేదు. తొందర సారు పరిగెత్తుకుంటూ వచ్చి కొత్తాయన భుజం మీద ఎడాపెడా చరిచాడు. "ఏం చేశావయ్యా!" అంటే కొత్తాయన సిగ్గుపడుతూ, "ఏం లేదు సార్, మా గాజులో అయితే చల్లార్చడం కొంచెం నెమ్మదిగా" అని మొదలుపెట్టాడు. అందరూ చుట్టూ చేరి శ్రద్ధగా విన్నారు. ఒకతను తల కూడా ఊపాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత సారు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "మీ ఆయన్ను వచ్చి లాకర్ ఖాళీ చేసుకోమనమ్మా. ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ చుట్టూ జనం. అదీకాక ఆయన బేకరీలో సంతోషంగా ఉన్నాడు కదా.

ఏప్రిల్ 2, బుధవారం

ఆయనకు ఎవరో ఫోన్ చేసి చెప్పారు. నేను ఇంటికి వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, చెప్పులు ఒకటి వేసుకుని, ఒకటి వేసుకోకుండా.

"మొత్తం బాగా వచ్చిందటగా" అన్నాడు. ఇన్నాళ్లకు నాతో.

"వచ్చింది."

"ఒక్కటి కూడా పోలేదా?"

"లేదు."

వేసుకోని చెప్పును దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, కోపంగా కాదు, ఎవరి గురించో చెబుతున్నట్టు, "అయితే నాదేనన్నమాట" అన్నాడు. "అందరి ముందూ కాదని వాదించాను చూడు. ఇన్నేళ్లూ ఏం కాల్చానో ఏమో."

రెండో చెప్పు వేసుకుని బేకరీకి వెళ్లాడు. నేను అక్కడే నిలబడ్డాను. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

ఏప్రిల్ 3, గురువారం

పొద్దున రొట్టె కోసం బేకరీకి వెళితే బేకరీ ఆయన నన్ను లోపలికి పిలిచాడు. మా ఆయన డెలివరీకి బయటికి వెళ్లాడట.

"అమ్మా, మీవారు బంగారం లాంటి మనిషి. కానీ ఓవెన్ తలుపు ఊరికే తెరుస్తున్నాడమ్మా. అద్దంలోంచి కనిపిస్తుందిగా అంటే, కనిపించినా నమ్మకం లేదంటాడు. తెరిచినప్పుడల్లా వేడి పోయి రొట్టె చతికిలబడుతోంది. నిన్నయితే మరీ, నిమిషానికోసారి. ఇంతకుముందు ఏం పని చేసేవాడమ్మా?"

ఏం చెప్పను? తలుపు తెరవడానికి వీల్లేని ఫర్నెస్ ముందు ఇన్నేళ్లు కాలుమీద కాలేసుకుని కూర్చున్న మనిషని చెప్పనా? బేకరీలో సంతోషంగా ఉన్నాడని ఈ డైరీలో నాకు నేనే రాసుకున్నాను. ఆ ముక్క ఆయన ఎప్పుడూ అనలేదు.

రొట్టె అక్కడే వదిలేసి సరాసరి తొందర సారు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. అచ్చు, పొట్టి, గాడి, వదిన నడుం నొప్పి, అంతా. నడుస్తూ విన్నాడు. నేనూ పక్కనే నడిచాను. మెట్లెక్కాం, దిగాం.

"బాగుపడింది కదా. ఇంకెందుకు తవ్వడం?"

"ఆయన తప్పు కాదు సార్."

"అనుకోమ్మా, నేను కాదన్నానా? కానీ ఫర్నెస్ మనిషిని మార్చాం, అందుకే బాగుపడిందని మోటార్ల కంపెనీ వాళ్లకు చెప్పేశాం. రేపు వాళ్ల ఇంజనీరమ్మ వస్తోంది. ఇప్పుడు మళ్లీ అది కాదు, అచ్చు తప్పంటే మనల్ని చూసి నవ్వుతారు. నీ అచ్చే కదా, నీకే చెడ్డపేరు. నీ మంచికే చెబుతున్నా."

నా మంచట! నా మంచి చూసేవాళ్లు ఎక్కువైపోయారు. నేనొక్కదాన్నే చాలనుకున్నాను ఆ పనికి.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇంజనీరమ్మ వచ్చింది. లావు కళ్లద్దాలు, లావు సంచి, పలకరింపు లేదు. సంచిలోంచి మోటారు చట్రం తీసి, మా బిళ్లలు వేలితో ఒక్కొక్కటే తోసి అమర్చి చూసుకుంది. నేను తట్ట పట్టుకుని నిలబడ్డాను.

"పాత ఫర్నెస్ మనిషిని తీసేశాం మేడమ్. ఆయనతోనే వచ్చింది బాధంతా" అన్నాడు తొందర సారు.

"కాదు మేడమ్" అన్నాను.

తట్ట గట్టిగా చప్పుడయ్యేలా పెట్టానట. వదిన తర్వాత చెప్పింది. నాకు గుర్తులేదు. ఏమన్నానో మాత్రం గుర్తుంది. దిమ్మ ఎటు తిరిగి ఉందో తెలియకుండా చేసిన అచ్చు నాది, చెడిపోయింది నా వల్ల, ఫర్నెస్ ఆయన కాల్చినవన్నీ నిక్షేపంలా కాలాయి, కావాలంటే చచ్చిన బిళ్లలు అంచువైపు కొట్టి చూపిస్తాను అని. సారు నా వెనకనుంచి దగ్గుతూనే ఉన్నాడు. కొట్టి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరగా చూసింది.

"ఇప్పుడెలా గుర్తుపడుతున్నారు?"

"నెత్తిన గాడి పెట్టాం మేడమ్."

"రేపు ఇంకెవరికో తెలివి పుట్టి ఆ గాడి తీసేస్తే?"

"తీయనివ్వను."

"కోసే ఆవిడకు ఎందుకో చెప్పారా?"

లేదన్నాను. "ముందు ఆ పని చేయండి" అంది. తర్వాత సారు వైపు తిరిగింది. "మరి ఆ ఫర్నెస్ ఆయన్ను ఎందుకు తీసేశారు?"

తొందర సారు మాట మార్చడంలోనూ తొందరే. "తీసేయడమేంటి మేడమ్, సెలవు ఇచ్చాం! సోమవారం నుంచి వస్తున్నారు. కదమ్మా?"

"వస్తారు మేడమ్" అన్నాను నేను.

ఆవిడ వెళ్లాక సారు అచ్చుల గది తాళాలు నా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు. తీసుకోనీ. వదినను పిలిచి, దిమ్మ చేతిలో పెట్టి, దిక్కంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాను. "ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా" అంది. ఏడవచ్చు.

సాయంత్రం

ఇంట్లో అడుగు పెడుతూనే మొదలుపెట్టాను. ఆయనకు సగం అర్థం కాలేదు, నేను అంత గందరగోళంగా చెప్పాను. "చూపించు" అన్నాడు. బట్టల సబ్బు తెచ్చి, కత్తితో ఆరువైపులా సమానంగా కోసి, ఒకవైపునుంచి పుల్ల గుచ్చి, "ఇదీ దిక్కు" అన్నాను. పుల్ల లాగేసి, బల్ల మీద దొర్లించి, "ఇప్పుడు చెప్పండి, ఎటు?" అన్నాను.

సబ్బును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"అయితే నాది కాదు."

"కాదు."

"ఒక లోడు కూడా?"

"ఒక్క దిమ్మ కూడా కాదు. నాది. నేను ఆరోజు ప్రెస్ కాదన్నప్పుడు ఫర్నెస్ అన్నట్టేనని నాకు తెలుసు. తెలిసే అన్నాను." ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను. అత్తయ్య పేపర్ మొహానికి అడ్డం పెట్టుకుంది. పేపర్ తలకిందులుగా ఉంది.

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. ఇన్ని రోజులూ బిగబట్టి ఉంచినట్టు. సబ్బు ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. కొంచెం నవ్వు లాంటిది కూడా వచ్చింది మొహంలోకి. అక్కడితో నేను ఆగాల్సింది.

"సోమవారం నుంచి రమ్మన్నారు. వస్తారని చెప్పేశాను" అన్నాను.

సబ్బు బల్ల మీద పెట్టాడు.

"చెప్పేశావా?"

"మరి? అందరి ముందూ అడిగితే..."

"తీసేయించినప్పుడూ నన్ను అడగలేదు, పెట్టించినప్పుడూ నన్ను అడగలేదు" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "నేనేమన్నా నీ అచ్చులో పోసే పొడినా, నువ్వు తిప్పిన వైపల్లా తిరగడానికి?"

నా తాళాలు పోయాయి, నా పరువు పోయింది, ఊరందరి ముందూ నా తప్పు నేనే చెప్పుకుని వస్తే దక్కింది ఇదా అని అనబోయాను. నోరు తెరిచి మూసుకున్నాను. అన్నది నిజమే కదా. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, చిరాకు పుట్టించేలా నిజం చెబుతాడు.

ఏప్రిల్ 5, శనివారం

అడిగాను. మర్యాదగా, ఎదురుగా కూర్చుని. "సోమవారం వెళ్లాలనుందా మీకు?" అని.

ఆలోచించి చెబుతానన్నాడు.

ఆలోచించి చెబుతాడట!

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్నుంచీ ఒక్క మాట లేదు. తిన్నాడు, స్కూటర్ కడిగాడు, పడుకున్నాడు, లేచాడు. నేను ఆయన మొహం వంక చూడకుండా చూడడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను?

సాయంత్రం నా ఫోన్ మోగింది. తొందర సారు. "ఏమ్మా, రేపు మీ ఆయన వస్తున్నట్టేగా? డ్యూటీ వేసేస్తున్నా, సరే అను చాలు" అన్నాడు.

'సరే' పళ్లదాకా వచ్చింది. దాన్ని ఎలా మింగానో నాకే తెలియాలి.

"ఆయన విషయం ఆయన్నే అడగండి సార్" అని ఫోన్ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. వంటింట్లోకి వెళ్లి ఒక్క ముక్క వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పి, గిన్నెలు ముందేసుకున్నాను. అత్తయ్య తలుపు దగ్గరికి వచ్చి చెవి మిషన్ సవరించుకుంటూ, "ఏమంటున్నాడో చెప్పనా?" అంది. "వద్దు" అన్నాను. "బాగానే వినపడుతోంది." "వద్దత్తయ్యా!"

ఎంతసేపు మాట్లాడతాడు మనిషి? గిన్నెలైపోయాయి. కడిగినవే మళ్లీ తీసి కడగడం మొదలుపెట్టాను.

ఆయన వచ్చి కుళాయి కట్టేశాడు. ఫోన్ గూట్లో పెట్టాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అడుగు" అన్నాడు.

"రేపు వెళుతున్నారా?"

"వెళుతున్నాను."

ఈ ఒక్క ముక్కకు ఇంట్లో గిన్నెలన్నీ రెండుసార్లు కడిగాను.